గెడ్డ ఒడ్డున మౌనదినం

ధీరచైతన్యకు ఒక్కటే దిగులు. ఏటా వేసవి శిబిరంలో మౌనదినం నాడు అతని పరువు పోతోంది.

పాడేరు దాటాక, కాఫీ తోటల మధ్య ఒక చిన్న ఆశ్రమం. మే నెల వచ్చిందంటే అనకాపల్లి నుంచీ విశాఖ నుంచీ నర్సీపట్నం నుంచీ మగపిల్లలు సంచులు భుజాన వేసుకుని అక్కడ బస్సులు దిగేవారు. పొద్దున్నే వ్యాయామం, తర్వాత శ్లోకాలు, కొండెక్కడం, అడవిలో అడ్డాకులు కోసుకొచ్చి ఎవరి విస్తరి వాళ్ళే కుట్టుకోవడం, సాయంత్రం కబడ్డీ. అన్నిటికంటే వాళ్ళకు ప్రాణం గెడ్డ స్నానం. ఆశ్రమం వెనక రాళ్ళ మీంచి దూకుతూ వచ్చే కొండవాగును అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. మోకాలి లోతు నీళ్ళే. అయినా అందులో దిగిన పిల్లవాణ్ణి బయటికి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఆశ్రమం పెద్దాయన పూర్ణబోధస్వామి. పిల్లలకు తాతస్వామి. ఆయన ప్రతి గురువారం మౌనంగా ఉంటారు. జ్వరమొచ్చినా, జిల్లా అధికారులొచ్చినా ఆ రోజు ఆయన నోటి వెంట మాట రాదు. ఎన్నేళ్ళ నుంచి ఈ నియమం పట్టారో ఆయనకే గుర్తులేదు. ఆయనతో పాటు పిల్లలు కూడా శిబిరంలో ఒక్క గురువారం మౌనం పాటిస్తే బాగుంటుందని ఎవరో ఎప్పుడో అనుకున్నారు. అనుకోవడం వరకూ బాగానే ఉంది. గంట కొట్టిన కాసేపటికే ఎవడికో ఎక్కిళ్ళు వచ్చేవి. పక్కవాడు కిసుక్కుమనేవాడు. ఆ నవ్వు వరస చివరిదాకా పాకి, భోజనాల వేళకు ఆశ్రమం వారపు సంతలా తయారయ్యేది.

కిందటేడు చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, "వీళ్ళ మౌనమే ఇలా ఉంటే మాటలు ఇంకెలా ఉంటాయో!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తాతస్వామి కూడా నవ్వారు. ధీరచైతన్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పిల్లల బాధ్యత అతనిది. నలుగురు పిల్లకాయల నోళ్ళు కట్టలేనివాణ్ణి, నా మనసునేం కట్టుకుంటాను అని ఆ ఏడాదంతా లోలోపల కుమిలిపోయాడు.

అతను ఆశ్రమానికి రాకముందు గుంటూరు వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఫ్లోర్ ఇన్‌చార్జిగా పనిచేశాడు. ఆ బతుకు నచ్చకే అన్నీ వదిలేసి కొండెక్కాడు. పంచె మారింది, పేరు మారింది. వరండాలో నడుస్తూ ఏ గదిలో గుసగుస వినిపిస్తుందా అని చెవులు రిక్కించే అలవాటు మాత్రం అతనితో పాటే కొండెక్కింది. చెడ్డవాడు కాదు. జ్వరమొచ్చిన పిల్లవాడి పక్కన కూచుని తడిగుడ్డ వేసేదీ, ఇంటి మీద బెంగపెట్టుకున్నవాణ్ణి ఫోను దగ్గరికి తీసుకెళ్ళేదీ అతనే. పిల్లలు అతన్ని ధీరన్న అనేవారు. కాస్త భయపడేవారు, కాస్త ఇష్టపడేవారు.

ఈసారి మౌనదినానికి ముందే అతను గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. తాతస్వామి చేతులకు నూనె రాసుకుని పనసకాయ ఒలుస్తున్నారు.

"స్వామీ, పిల్లల్ని మౌనంగా ఉంచడం ఎలాగండీ?"

"నీకు నిశ్శబ్దం కావాలా, మౌనం కావాలా?" అన్నారాయన, పనస తొన ఒకటి అతని చేతిలో పెడుతూ.

"రెండూ ఒకటే కదండీ!"

ఆయన ఇంకో తొన కోసం కాయలోకి చెయ్యి పెట్టారు. తీరిక లేదు కాబోలనుకుని ధీరచైతన్య లేచొచ్చాడు. తన పద్ధతులు తనకున్నాయి.

బుధవారం పొద్దున పిల్లలందరినీ కూచోబెట్టాడు. శిబిరంలో పిల్లలు జట్లుగా ఉంటారు. జట్లకు ఆ కొండల్లో పుట్టిన నదుల పేర్లు. శారద, వరాహ, గోస్తని.

"రేపు ఏ జట్టులో ఒక్కడు నోరు విప్పినా ఆ జట్టు మొత్తానికి శిబిరం ముగిసేదాకా గెడ్డ స్నానం లేదు," అన్నాడు.

పిల్లల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ధీరచైతన్య లోపల సంతోషించాడు. మందు పనిచేసింది.

అంతటితో ఆగలేదు. సాధన చేయిస్తానన్నాడు. అందరూ కళ్ళు మూసుకుని కూచున్నాక వరాహ జట్టులో కౌశిక్ అనేవాడి వెనక్కి మెల్లగా వెళ్ళి, "కౌశిక్!" అని పిలిచాడు. "ఆఁ!" అన్నాడు వాడు. అలవాటు మరి! "వరాహ అవుట్," అన్నాడు ధీరచైతన్య. కాసేపటికి చప్పట్లు కొట్టి, "సరే, సాధన అయిపోయింది. ఇక మాట్లాడుకోండి," అన్నాడు. గోస్తని జట్టువాళ్ళు "హమ్మయ్య!" అన్నారు. "గోస్తని అవుట్! అయిపోయిందని నేను చెబితే నమ్మేయడమేనా? గంట కొట్టాలి కదా!"

శారద జట్టు ఒక్కటే మిగిలింది. అందులో జయంత్ పెద్దవాడు, నాయకుడు. అందరికంటే చిన్నవాడు నూకరాజు. అనకాపల్లి బెల్లం బజారులో వాళ్ళ నాన్నకు దుకాణం ఉంది. వాడు రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కిపట్టుకుని కూచున్నాడు. ధీరచైతన్య వాడి బుగ్గ గిల్లి మెచ్చుకున్నాడు.

"చూశారా, ఇలా ఉండాలి. ఇవాళ ఉత్త సాధనే కాబట్టి అవుటైనవాళ్ళను వదిలేస్తున్నా. రేపు ఎప్పుడైనా పరీక్ష పెడతాను. నేను పిలిచినా పలకొద్దు. తాతస్వామి పిలిచినా పలకొద్దు. తెలిసిందా?"

తాతస్వామి గురువారం నాడు ఎలాగూ పిలవరు. ధీమా కొద్దీ అన్నాడు ఆ మాట.

గురువారం తెల్లవారింది. గంట మోగింది. ఆ తర్వాత ఆశ్రమంలో వినిపించిందంతా పిట్టల అరుపులూ, గెడ్డ చప్పుడూ, ఉప్మా గరిట చప్పుడూనే. ఎక్కిళ్ళు వచ్చినవాడు నీళ్ళు తాగి తాగి వాటిని అణుచుకున్నాడు. తుమ్ము వచ్చినవాడు కూడా తువ్వాల్లో మొహం దాచుకుని తుమ్మాడు. ధీరచైతన్య గుండె నిండిపోయింది.

ఫలహారాలయ్యాక పిల్లల్ని గెడ్డ దిగువన అడవిలోకి అడ్డాకులకు తీసుకెళ్ళాడు. పెద్ద చెట్ల మీదికి అల్లుకున్న ఆ తీగల ఆకులు చేటంతేసి ఉంటాయి. పిల్లలు మాట లేకుండా కోశారు, మాట లేకుండా కట్టలు కట్టారు. పైన కొండ మీద ముందురోజు వాన పడింది. వాన పడ్డ మర్నాడు అక్కడ మంచు దిగుతుంది. అది దిగడం చూసి ధీరచైతన్య చేత్తో సైగ చేశాడు, పిల్లలు అతని వెనక వరసకట్టి వచ్చేశారు. మామూలు రోజైతే తిరిగొచ్చాక ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు, వాళ్ళు పలికేవారు. ఇవాళ పిలుపు లేదు, పలకడమూ లేదు. అతను పిల్లల నోళ్ళు చూశాడు గానీ తలలు చూడలేదు.

పాకలో అందరూ విస్తళ్ళు కుట్టడానికి కూచున్నారు. జయంత్ లేచొచ్చి అతని ఉత్తరీయం పట్టుకుని లాగాడు. గెడ్డ వైపు వేలు చూపించాడు. ఓహో, స్నానం అడుగుతున్నాడు అనుకున్నాడు ధీరచైతన్య. పెదాల మీద వేలు పెట్టి, పో అన్నట్టు తల ఊపాడు. జయంత్ పోలేదు. తన భుజం దగ్గర చెయ్యి పెట్టి, ఇంత ఎత్తు అన్నట్టు చూపించాడు. మళ్ళీ గెడ్డ వైపు చూపించాడు. నీళ్ళ లోతు గురించి కాబోలనుకుని ధీరచైతన్య వాడి భుజాలు పట్టి తీసుకెళ్ళి వాడి చోట్లో కూచోబెట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఓడిపోతామని భయం, అనుకున్నాడు. ఆ భయం చూసి కాస్త గర్వపడ్డాడు కూడా.

ఆ గర్వంతోనే గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. తాతస్వామి పాక చివర కూచుని ఈనెపుల్లలతో విస్తరి కుడుతున్నారు. ధీరచైతన్య నమస్కారం పెట్టి, చెవి దగ్గర చెయ్యి ఆనించుకుని, విన్నారా అన్నట్టు నవ్వాడు.

ఆయన విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత తల తిప్పి పిల్లల వైపు చూశారు. వరాహ జట్టు కుడుతోంది. గోస్తని జట్టు కుడుతోంది. శారద జట్టు పిల్లలు ఆకులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూచున్నారు. జయంత్ కుట్టిన ఆకునే చింపుతున్నాడు.

తాతస్వామి విస్తరి కింద పెట్టి లేచారు. జయంత్ పక్కన చతికిలబడి, తన చెవి తీసుకెళ్ళి వాడి నోటికి ఆనించారు. ఆనించి అలాగే ఉండిపోయారు, కంసాలి దగ్గర చెవి కుట్టించుకునే పిల్లాడిలా.

జయంత్ ధీరచైతన్య వైపు చూశాడు. తర్వాత ఆ చెవిలోకి, గొంతు లేకుండా, ఊపిరితో ఏదో చెప్పాడు.

తాతస్వామి నిలబడ్డారు.

"నూకరాజు రాలేదట. పద," అన్నారు.

గురువారం ఆయన గొంతు విన్నవాళ్ళు ఆ ఆశ్రమంలో ఎవరూ లేరు. పిల్లల చేతులన్నీ ఆగిపోయాయి. ధీరచైతన్యకు మాట అర్థమవడానికి ఒక క్షణం పట్టింది.

ఇద్దరూ గెడ్డ వైపు పరుగెత్తారు. వెనకే పిల్లలు, ఇప్పటికీ మాట్లాడకుండా. మంచు అప్పటికే అడవిలోకి దిగింది. చెట్ల మొదళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"స్వామీ, నా మూలంగా మీ వ్రతం..." అన్నాడు ధీరచైతన్య పరుగెడుతూనే.

"గురువారం వచ్చే వారం మళ్ళీ వస్తుంది. ముందు నడు."

"నూకరాజూ!" అని కేకేశాడు ధీరచైతన్య. గెడ్డ చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఒరేయ్ నూకరాజూ! పలకరా!" జవాబు లేదు. "ఇది పరీక్ష కాదురా నాన్నా! అయిపోయింది! పలుకు!"

అన్న తర్వాత గానీ అతనికి గుర్తు రాలేదు, నిన్న గోస్తనిని ఇదే మాటతో ఓడించానని.

తాతస్వామి కూడా పిలిచారు. "నూకరాజూ, ఎక్కడున్నావమ్మా?" మంచులోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. దిగువంతా రాళ్ళూ తుప్పలూ. వెతకాలంటే కన్ను ఆనడం లేదు. వాడే పలకాలి. లేదంటే పలకలేని స్థితిలో ఉండాలి.

"నువ్వు పిలిస్తే పలకొద్దన్నావా?" అడిగారు తాతస్వామి.

"అన్నాను స్వామీ."

"నేను పిలిస్తే?"

ధీరచైతన్య తల దించుకున్నాడు. "అదీ అన్నాను. గంట కొట్టేదాకా ఎవరేమన్నా నమ్మొద్దన్నాను."

గంట ఆశ్రమంలో ఉంది. అక్కడ కొడితే ఈ గెడ్డ హోరులో ఇక్కడికి వినపడదు. చెప్పిన పాఠం ఇంత బాగా ఒంటబట్టించుకున్న పిల్లలు ధీరచైతన్యకు కాలేజీలో కూడా దొరకలేదు. ఏ మాటంటే నమ్ముతాడు వాడు? ఎంత వెతికినా అతని దగ్గర అలాంటి మాట ఒక్కటీ మిగల్లేదు.

తాతస్వామి కాషాయం పంచె పైకెగ్గట్టారు. చెప్పులు విడిచారు. నేరుగా గెడ్డలోకి దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులతో నీళ్ళు తోడి ధీరచైతన్య మొహాన కొట్టారు.

అతను నోరు తెరిచి నిలబడిపోయాడు. రెండో దోసిలి ఆ నోట్లోకే వెళ్ళింది.

"దిగు!" అన్నారు గురువుగారు.

అతను దిగాడు. కాలు జారి అడ్డంగా పడ్డాడు. ఉత్తరీయం కొట్టుకుపోయింది. లేవబోతుంటే తాతస్వామి ఇంకో దోసిలి కొట్టారు. అతనికి అప్పుడర్థమైంది. గెడ్డ స్నానం తీసేస్తానన్నవాడు తాను. ఇప్పుడు తానే గెడ్డలో ఉన్నాడు. ఒడ్డు మీద కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్న పిల్లల మీదికి రెండు చేతులతో నీళ్ళు చిమ్మాడు. శారద మీద, వరాహ మీద, గోస్తని మీద, తేడా లేకుండా.

ముందు కౌశిక్ నవ్వాడు. ఆపుకుందామని చూశాడు గానీ వాడి వల్ల కాలేదు. తర్వాత ఎవడో కెవ్వుమని అరిచి దూకాడు. ఇక ఆపడం ఎవరి తరం? ఒకడి మీద ఒకడు దూకారు. పొద్దుటి నుంచి దాచుకున్న అరుపులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. "ఒరే నామీద పడకురోయ్!" "ధీరన్నను పట్టుకోండ్రా!" "తాతస్వామీ, నాకూ కొట్టండి!" కొండ మారుమోగిపోయింది. తాతస్వామి అందరికంటే గట్టిగా అరుస్తున్నారు. జయంత్ ఒక్కడు నడుమలో నిలబడి ఏడుస్తూ అరుస్తున్నాడు.

అప్పుడు దిగువ నుంచి, మంచులోంచి, ఒక సన్నని గొంతు ఉక్రోషంగా వినిపించింది.

"ఒరేయ్! నన్నొగ్గేసి దిగిపోనారేట్రా!"

ధీరచైతన్య ఆ గొంతు వైపు పరుగెత్తాడు. రాళ్ళకు మోకాళ్ళు గీరుకుపోయాయి, తుప్పలకు పంచె చిరిగింది. ఒడ్డు విరిగిన చోట, అడ్డ తీగల కింద, నూకరాజు కూచుని ఉన్నాడు. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. చీలమండ వాచి నల్లబడింది. ఒళ్ళో ఆకుల కట్ట చెదరకుండా ఉంది. మంచి ఆకు కోసం కిందికి వంగి జారినట్టున్నాడు. ఎడమ చేతి మీద పంటిగాట్లు, ఒకదాని పక్కన ఒకటి. నొప్పికి అరుపు రాకుండా కొరుక్కున్నాడు.

ధీరచైతన్యను చూడగానే వాడి మొహం పాలిపోయింది.

"నేను పలకలేదు ధీరన్నా," అన్నాడు గబగబా. "మీరు పిలిసినప్పుడు పలకలేదు. తాతస్వామి పిలిసినా పలకలేదు. ఇప్పుడు ఊరికే అరిసాను, అంతే. శారద అవుటవ్వలేదు కదా?"

"లేదురా."

వాడు అతని మొహంలోకి చూశాడు. నమ్మవచ్చా అన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత అతని వెనక్కి, నీళ్ళు కారుతూ వస్తున్న తాతస్వామి మొహంలోకి చూశాడు. ఆ చూపు ధీరచైతన్యను కోసేసింది. ఇన్నేళ్ళలో ఏ పెద్దమనిషి నవ్వూ అతన్ని అంత బాధపెట్టలేదు.

అతను మోకాళ్ళ మీద కూచుని రాయి పట్టుకుని ఎత్తాడు. తాతస్వామి పాదాన్ని మెల్లగా బయటికి తీశారు. పిల్లవాడు కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ చెయ్యి నోట్లో పెట్టుకోబోయాడు. ధీరచైతన్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. పంటిగాట్ల మీద తన బొటనవేలు పెట్టి రుద్దాడు. అవి పోవని తెలిసీ రుద్దుతూనే ఉన్నాడు.

నూకరాజు కళ్ళు తెరిచాడు. కింది పెదవి వణుకుతోంది.

"ధీరన్నా," అన్నాడు, "ఇప్పుడు ఏడవచ్చా?"

ధీరచైతన్య నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, రాలేదు. తల ఊపుదామన్నా తల కదల్లేదు.

తాతస్వామి తడిబట్టలతోనే ఆ బురదలో కూలబడి, పిల్లవాడి పాదం ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏడు నాన్నా," అన్నారు. "నువ్వు మొదలెడితే గానీ వీడు ఏడవడు."

నూకరాజు మొదలుపెట్టాడు.